మూడో దశలో ఏం జరిగింది? చెప్పి ఎగరేయండి

గోదావరిఖని,
జనవరి 2026

భారత అంతరిక్ష శాఖ కార్యదర్శి, ఇస్రో చైర్మన్ డాక్టర్ వి. నారాయణన్ గారికి, అంతరిక్ష కమిషన్ సభ్యులకు,



ఈ ఏడాది మీరు తలపెట్టిన ప్రయోగాల జాబితా పత్రికల్లో చదివాను. గగన్‌యాన్ తొలి మానవరహిత యాత్ర, అందులో వ్యోమమిత్ర అనే రోబో. హెచ్ఏఎల్, ఎల్ అండ్ టీ కలిసి తయారుచేసిన మొదటి పీఎస్ఎల్‌వీ, దాని మీద ఓషన్‌శాట్. హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ వారి విక్రమ్-1. జాబితా ఘనంగానే ఉంది. ఒక్క తేదీ మాత్రం అందులో లేదు. ఈ జనవరి 12న పీఎస్ఎల్‌వీ-సీ62 ఎందుకు దారి తప్పిందో, అంతకు ముందు మే 18న సీ61 ఎందుకు విఫలమైందో దేశానికి ఎప్పుడు చెబుతారన్న తేదీ. దాన్ని అడగడానికే ఈ లేఖ.

నేను బొగ్గుబాయిలో ఓవర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషిని. రాకెట్ శాస్త్రం నాకు రాదు. ప్రమాదం జరిగాక రాసే కాగితం ఎలా ఉండాలో, అది ఎవరెవరి చేతికి అందాలో మాత్రం తెలుసు. అది చిన్న విద్య కాదని, మీ దగ్గర ఇప్పుడు కొరవడింది అదేనని నా అభిప్రాయం. తప్పైతే నివేదిక బయటపెట్టి నా నోరు మూయించండి. సంతోషంగా మూసుకుంటాను.

2025 మే 18 తెల్లవారి 5 గంటల 59 నిమిషాలకు సీ61 లేచింది. మొదటి రెండు దశలు సవ్యంగా పనిచేశాయి. మూడో దశలో మోటార్ కేసులో పీడనం పడిపోయిందని ఆరోజే మీరు చెప్పారు. 1,696 కిలోల ఈఓఎస్-09 ఉపగ్రహం పోయింది. కమిటీ వేశారు. కమిటీ నివేదిక ఇచ్చిందని, అది ప్రధాని కార్యాలయానికి చేరిందని చదివాం. అంతే. ఎనిమిది నెలలు నిండకుండానే సీ62ను ప్రయోగ వేదిక మీద నిలబెట్టారు. మళ్లీ మూడో దశే. ఆ దశ చివర్లో రాకెట్ తన చుట్టూ తాను తిరిగే తీరులో తేడా వచ్చిందని, ఆ తర్వాత దారి తప్పిందని మీరే ప్రకటించారు. డీఆర్‌డీఓ తయారుచేసిన అన్వేష, దానితో పాటు మరో పదిహేను ఉపగ్రహాలు పోయాయి. వాటిలో హైదరాబాద్ స్టార్టప్‌లవి ఉన్నాయి, యూనివర్సిటీ పిల్లలు ఏళ్లతరబడి కష్టపడి చేసుకున్నవి ఉన్నాయి.

రెండింటికీ కారణం ఒకటేనని నేననను. అనడానికి నా దగ్గర ఆధారం లేదు. కారణం ఒకటా, రెండా? మొదటిసారి దొరికిన లోపాన్ని సరిదిద్దారా? సరిదిద్దిన చోటే మళ్లీ తెగిందా, లేక పక్కన కొత్తది పుట్టిందా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగేది ఆ నివేదికే. అది మీ బీరువాలో ఉంది. డబ్బు కట్టిన జనం చేతిలో లేదు. సీ61లో ఏం తేలిందో చెప్పకుండా సీ62ను ఎగరేయడానికి మీకు అనుమతి ఇచ్చిందెవరు? ఆ అనుమతి కాగితం మీద మూడో దశ గురించి ఏం రాసి ఉంది?

మా బాయిలో చట్టం ఎట్లుండేదో కొంచెం వివరంగా చెప్పనివ్వండి. 1952 నాటి గనుల చట్టం 23వ సెక్షన్ ప్రకారం గనిలో ప్రమాదం జరిగితే మేనేజర్ పై అధికారులకు నోటీసు పంపడంతో సరిపోయేది కాదు. ఆ నోటీసు నకలును కార్మిక సంఘాల వాళ్లు చూసేలా బోర్డు మీద అంటించాల్సి ఉండేది. పెద్ద ప్రమాదమైతే 24వ సెక్షన్ కింద కేంద్రం విచారణ న్యాయస్థానాన్ని వేయగలిగేది. 27వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకేసింది. ఆ న్యాయస్థానం ఇచ్చిన ప్రతి నివేదికనూ కేంద్ర ప్రభుత్వం ప్రచురించి తీరాల్సి ఉండేది. ప్రచురిస్తే ప్రచురించవచ్చు అని కాదు, తీరాలి అని. మొన్న నవంబరులో ఆ చట్టం కొత్త కార్మిక కోడ్‌లో కలిసిపోయింది. 

ఈ 27వ సెక్షన్ లాంటిది ఎందుకు కావాలో మా గనుల చరిత్రే చెబుతుంది. 1975 డిసెంబర్ 27న చాస్‌నాలా బొగ్గుగనిలో నీళ్లు విరుచుకుపడి 375 మంది పోయారు. మా గోదావరిఖనిలో 2003 జూన్ 16న జీడీకే-7 ఎల్ఈపీ గనిలో నీళ్లు ముంచెత్తి 17 మంది పోయారు. అదే ఏడు అక్టోబర్ 16న జీడీకే-8ఏ గనిలో పైకప్పు కూలి 10 మంది పోయారు. నాలుగు నెలల తేడాలో ఒకే ఊళ్లో 27 ఇళ్లు. పాతబడి నీళ్లు నిండిన గుంతలకు 60 మీటర్ల లోపల పని చేయాలంటే ముందు అనుమతి ఉండాలని, ముందుకు రంధ్రాలు వేసి చూస్తూ నడవాలని మాకు నిబంధన ఉంది. అట్లాంటి నిబంధనలు ఎక్కడ పుట్టాయనుకుంటున్నారు? ఆఫీసు గదుల్లో పుట్టలేదు. ప్రమాదాల నివేదికలు చదివి, ఇది మళ్లీ జరగొద్దని రాసుకున్నవి. నివేదికలు దాచుకుని ఉంటే ఆ 60 మీటర్ల లెక్క ఏ మేనేజర్‌కూ తెలిసేది కాదు, మేం ఇంకా చస్తూనే ఉండేవాళ్లం. ఇప్పుడు చావడం లేదని కాదు. 2022 మార్చిలో అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో ముగ్గురు పోయారు. నేర్చుకోవడం ఆగిన రోజు లెక్క ఇంకా పెరుగుతుందని మాత్రం మాకు తెలుసు.

ఇంకో సంగతి. రంధ్రాల్లో మందు కూరి పేల్చినప్పుడు ఒక్కోసారి ఒక రంధ్రం పేలదు. దాన్ని మిస్‌ఫైర్ అంటాం. బాయిలో దానంత భయపెట్టేది ఇంకోటి లేదు. ఆ చోటికి ఎవరూ పోకుండా కంచె కట్టాలి. పుస్తకంలో రాయాలి. షిఫ్టు అయిపోతే, తరువాతి షిఫ్టులో మందు పేల్చే షాట్‌ఫైరర్‌కు ఫలానా చోట ఫలానా రంధ్రం పేలలేదని చెప్పి, అప్పజెప్పి, అప్పుడు ఇంటికి పోవాలి. చెప్పకుండా పోయినవాడిని మా దగ్గర దొంగకంటే హీనంగా చూస్తారు. ఎందుకంటే తరువాత వచ్చినవాడు తెలియక డ్రిల్లు అక్కడే పెడతాడు.

మీ తరువాతి షిఫ్టు ఎవరు? పీఎస్ఎల్‌వీని ఇకమీదట పరిశ్రమలే తయారుచేస్తాయని 2022లో హెచ్ఏఎల్, ఎల్ అండ్ టీలకు 860 కోట్ల రూపాయలకు ఐదు రాకెట్ల కాంట్రాక్టు ఇచ్చారు. అందులో మొదటిది ఈ ఏటి జాబితాలోనే ఉంది. స్కైరూట్ విక్రమ్-1లో మూడు దశలు ఘన ఇంధనంతో నడిచేవే. మీ దగ్గర విఫలమైనదీ ఘన ఇంధన దశే. వెలిగించాక ఆపడానికి, తగ్గించడానికి వీలులేని దశ. ఆ కుర్రాళ్లు మీ వేదికల దగ్గరే, మీ దీవి మీదనుంచే ఎగరేయాలి. వాళ్లు తెలుసుకోవాల్సింది మీ దగ్గరినుంచి కాకపోతే ఇంకెవరి దగ్గర? లోపల వాళ్లకు చెప్పాం, బయటికి చెప్పక్కర్లేదు అంటారేమో. లోపల చెప్పిన దాని నాణ్యత బయటి కళ్లు చూస్తేనే తేలుతుంది. మా ఓవర్‌మన్ రిపోర్టును తరువాతి ఓవర్‌మన్ చదివి సంతకం పెట్టాలన్న నియమం ఉన్నది అందుకే. ఒకే చేయి రాసి, ఒకే చేయి చదివి, ఒకే చేయి సంతకం పెడితే ఏ గనీ నిలబడదు.

భద్రత అంటారు. విదేశాలకు రహస్యాలు చేరతాయంటారు. ఈఓఎస్-09, అన్వేష రెండూ దేశ రక్షణకు కూడా పనికొచ్చేవి కాబట్టి ఆ మాటలో కొంత నిజముంది, కాదనను. సమాచార హక్కు చట్టం 8వ సెక్షన్‌లో అలాంటి వాటికి మినహాయింపు కూడా ఉంది. కానీ అదే చట్టంలో 10వ సెక్షన్ ఉంది. చెప్పకూడని ముక్క తీసేసి మిగతాది ఇవ్వమంటుంది. ఉపగ్రహం ఏం చూడబోయిందో మేం అడగలేదు. దాన్ని మోసుకెళ్లిన బండి ఎందుకు పడిందో అడుగుతున్నాం. పీఎస్ఎల్‌వీ 1993 నుంచి ఎగురుతున్న రాకెట్. చంద్రయాన్-1ను, మంగళయాన్‌ను మోసింది. ఒకే ప్రయోగంలో 104 ఉపగ్రహాలను మోసింది. దాని మీద దేశదేశాల వాళ్లు టికెట్టు కొనుక్కుంటున్నారు. అంత బహిరంగంగా అమ్ముకునే రాకెట్ విఫలమైతేనే రహస్యమవుతుందా?

పైగా ఇలా దాచడం మీ సంస్థ పాత అలవాటు కూడా కాదు. అదే నాకు ఎక్కువ బాధ. 2021 ఆగస్టు 12న జీఎస్ఎల్‌వీ-ఎఫ్10 విఫలమైతే ద్రవ హైడ్రోజన్ ట్యాంకు వాల్వు దగ్గర లీకు జరిగి పీడనం తగ్గిందని, క్రయోజెనిక్ దశకు సరిపడా ఇంధనం అందలేదని మీరే బయటపెట్టారు. 2022 ఆగస్టు 7న మొదటి ఎస్ఎస్ఎల్‌వీ విఫలమైతే రెండో దశ విడిపోయేటప్పటి కంపనాలకు సెన్సార్లు పట్టుతప్పాయని, కంప్యూటర్ వాటిని చెడిపోయినవిగా లెక్కేసిందని వివరించారు. ఆ లోపాన్ని ఇలా సరిదిద్దామని చెప్పి 2023 ఫిబ్రవరి 10న రెండోది ఎగరేశారు, అది సరిగ్గా పోయింది. అప్పుడు మీ పరువు ఏమైనా పోయిందా? మా ఖనిలో టీ కొట్టు దగ్గర పేపరు చదువుకునే మేం ఆ సంగతి చదివి, ఇస్రో అంటే ఇట్లుండాలె అనుకున్నాం. 1979 ఆగస్టు 10న ఎస్ఎల్‌వీ-3 సముద్రంలో పడినప్పుడు విలేఖరుల ముందుకు వచ్చి బాధ్యత తీసుకున్నది అప్పటి ఇస్రో చైర్మన్ సతీశ్ ధవన్. శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరే పెట్టుకున్నారు.

ఇక మీకు, మాకు సంబంధమేమిటని అడగవచ్చు. బొగ్గు ప్రాంతంవాళ్లకు రాకెట్లతో ఏం పని అని నవ్వేవాళ్లు మా ఊళ్లోనూ ఉన్నారు. ఈఓఎస్-09 రాడార్ ఉపగ్రహం. మబ్బులున్నా, రాత్రయినా భూమిని చూడగలిగేది. 2022 జూలైలో గోదావరి పొంగినప్పుడు మంథనిలో ఇళ్లు మునిగాయి. భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. అన్ని రోజులూ ఆకాశమంతా మబ్బే. మామూలు కెమెరా ఉపగ్రహానికి ఏమీ కనపడని రోజులవి. అట్లాంటప్పుడు ఏ ఊరు మునిగింది, ఏ రోడ్డు తెగింది అని హైదరాబాద్ బాలానగర్‌లోని మీ జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్ఆర్ఎస్‌సీ) పటాలు గీసేది రాడార్ బొమ్మలతోనే. 2022లో పంపిన ఈఓఎస్-04కు తోడుగా ఈఓఎస్-09 ఉండి ఉంటే అదే చోటును ఇంకా తొందరగా, ఇంకా ఎక్కువసార్లు చూసేవాళ్లు. మొన్నటి వానాకాలానికి అది లేదు. వచ్చే వానాకాలానికీ ఉండదు. గోదావరి ఒడ్డున ఉండే మాకు మీ మూడో దశలో ఏం జరిగిందో అడిగే హక్కు ఉందంటారా, లేదంటారా?

నైసార్ ఉపగ్రహం సంగతి చూడండి. నాసాతో కలిసి కట్టి, 2025 జూలై 30న శ్రీహరికోట నుంచే పంపారు. పన్నెండు రోజులకోసారి అదే నేలను మళ్లీ చూసి, భూమి సెంటీమీటర్ల లెక్కన కుంగినా పట్టుకుంటుందని మీరే చెప్పారు. కింద బొగ్గు తీసిన నేల మీద ఇళ్లు కట్టుకున్న మాకు అంతకంటే కావాల్సింది ఏముంది? ఆ డేటాను ప్రపంచంలో ఎవరికైనా ఉచితంగా ఇస్తామన్నారు. మంచి నిర్ణయం. గోదావరిఖని నేల ఎంత కుంగిందో అమెరికాలో కూర్చున్నవాడు చూడొచ్చు. శ్రీహరికోటలో లేచిన రాకెట్ ఎందుకు పడిందో గోదావరిఖనిలో ఉన్నవాడు చూడకూడదు. ఇదెక్కడి న్యాయమండీ?

అసలు భయం గగన్‌యాన్ గురించి. ఈ ఏడు రోబో, 2027లో మనుషులు అంటున్నారు. ఆ మనుషుల్ని మోసే ఎల్‌వీఎం3 వేరే రాకెట్ అని, పీఎస్ఎల్‌వీ మూడో దశకు దానితో సంబంధం లేదని నాకు తెలుసు. కానీ దాని రెండు పక్కలా ఉండే ఎస్200 బూస్టర్లు ఘన ఇంధనంవే. రాకెట్ వేరైనా సంస్థ ఒకటే. పరీక్షించే పద్ధతి, సంతకాలు పెట్టే చేతులు, తొందరపెట్టే ఒత్తిళ్లు కూడా ఒకటే. అమెరికాలో ఛాలెంజర్ వ్యోమనౌక పేలిపోయి ఈ జనవరి 28కి నలభై ఏళ్లు. ఏడుగురు పోయారు. ఘన ఇంధన బూస్టర్ అతుకు దగ్గరి రబ్బరు వలయం చలికి బిగుసుకుపోయిందని తేలింది. ముందురోజు రాత్రే ఇంజనీర్లు వద్దన్నారని, పైవాళ్లు వినలేదని కూడా తేలింది. ఆ సంగతులన్నీ అదే ఏడాది జూన్‌లో అచ్చయిన నివేదికలో ఉన్నాయి. నాసా పరువు తీసిన పుస్తకం అది. నాసా ఆ తర్వాత మళ్లీ మనుషుల్ని పంపగలిగింది ఆ పుస్తకాన్ని దాచకుండా చదువుకున్నందుకే. రేపు మన నలుగురు వ్యోమగాముల్లో ఎవరినైనా ఆ సీట్లో కూర్చోబెట్టే ముందు, వాళ్ల ఇంట్లోవాళ్లు మిమ్మల్ని అడిగితే ఏం చెబుతారు? నివేదిక ఉంది, చూపించం అంటారా? గనిలో దిగేవాడి పెళ్లాం కూడా అంత మాటకు ఊరుకోదు.

తొందర గురించి ఒక మాట. ఐదేళ్లలో ఏటా 50 రాకెట్లు ఎగరేసే స్థాయికి చేరగలమా అని గత ఆగస్టు 23న ప్రధాని అడిగారు. 2025 మొత్తంలో మీరు చేసిన ప్రయోగాలు ఐదు. అందులో ఒకటి పూర్తిగా పోయింది. మరొకదానిలో రాకెట్ పని రాకెట్ చేసినా, ఎన్‌వీఎస్-02 ఉపగ్రహం చేరాల్సిన కక్ష్యకు చేరలేదు. టార్గెట్ అన్న మాట మా కోల్‌బెల్టులో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి 31 దగ్గరపడితే ఇంట్లో నాన్న ముఖం ఎట్లా మారుతుందో చూసి పెరిగినవాళ్లు. టార్గెట్ పెట్టుకోవడం తప్పు కాదు. టార్గెట్ ముంగట పైకప్పు సపోర్టు తగ్గించడం, గ్యాసు చూడకుండా లోపలికి పంపడం తప్పు. సీ61 నివేదిక మీద చర్చ పూర్తికాకుండా సీ62ను నిలబెట్టడం దేని కిందికి వస్తుందో మీరే చెప్పండి. చర్చ పూర్తయిందంటారా? అయితే ఆ చర్చలో ఏం తేలిందో ఎందుకు చెప్పరు?

శ్రీహరికోట దీవిని రాకెట్ల కోసం ఖాళీ చేసి ఇచ్చినవాళ్లలో యానాదులున్నారు. రామగుండం ఎన్టీపీసీ కరెంటు కోసం ఊళ్లకు ఊళ్లు ఇచ్చినవాళ్లలో మావాళ్లున్నారు. దేశం పెద్ద పని చేస్తుందంటే నేల ఇచ్చినవాళ్లం, లెక్క అడగడం మాత్రం ఆలస్యంగా నేర్చుకున్నాం.

మేం కోరుతున్నది పెద్దదేమీ కాదు. తరువాతి పీఎస్ఎల్‌వీని, అది హెచ్ఏఎల్ చేసినదైనా, మీరు చేసినదైనా, ప్రయోగ వేదిక మీదికి తేకముందే సీ61, సీ62 రెండింటి నివేదికలు బయటపెట్టండి. రక్షణ విషయాలు కొట్టేసి ఇవ్వండి, అభ్యంతరం లేదు. పార్లమెంటులో పెట్టండి, మీ వెబ్‌సైట్‌లో పెట్టండి. కమిటీల్లో ఇస్రో బయటివాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పండి. మొదటి నివేదిక చేసిన సూచనల్లో ఎన్ని సీ62లో అమలయ్యాయో, కానివి ఎందుకు కాలేదో రాయండి. తప్పుచేసిన మనుషుల పేర్లు అక్కర్లేదు. మాకూ ప్రమాదాల నివేదికల్లో పేర్లకంటే కారణాలే పనికొచ్చాయి.

నివేదికల సారాన్ని నాలుగు పేజీల్లో తెలుగులో కూడా ఇవ్వండి. రాకెట్ లేచేది తెలుగు నేలమీది నుంచి. మా ఖనిలో ఇంటర్ చదివే పిల్లలు ప్రయోగం రోజు ఫోన్లలో లైవ్ చూస్తూ, మూడో దశ పేరు వినగానే ఊపిరి బిగబట్టుకుంటున్నారు. నన్ను అడుగుతున్నారు, మా మాస్టర్లను అడుగుతున్నారు. మా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంది. తేదీ చెప్పండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఓవర్‌మన్,
గోదావరిఖని, పెద్దపల్లి జిల్లా